ఊరు వద్దంటే బంగారు గని ఆగాల్సిందేనా?

నేలగంట:
చాలా దేశాల్లో పై నేల రైతుది, కింది ఖనిజం ప్రభుత్వానిది. ప్రభుత్వం లైసెన్సు ఇచ్చాక కూడా కంపెనీ ఊరిని అడగాలా? అర్జెంటీనాలోని ఎస్కెల్ పట్టణంలో 2003లో ఓటింగ్ పెడితే 81 శాతం మంది గని వద్దన్నారు. గని రాలేదు. నా దృష్టిలో అది న్యాయమే. మీరేమంటారు?

బోరుబండి:
నేను ఒప్పుకోను. ఖనిజం దేశమంతటిది, ఒక్క ఊరిది కాదు. అయినా ఊరంటే ఎవరు? మేం డ్రిల్లింగ్‌కి వెళ్ళిన ఒకచోట పెద్దమనుషులు సంతకాలు పెట్టారు. వారం తిరక్కుండానే కుర్రాళ్ళు దారికి అడ్డంగా బండలు దొర్లించారు. ఇందులో ఎవరి మాట ఊరి మాట?

చెరువుగట్టు:
పట్టా ఉన్నవాళ్ళతోనే మాట్లాడి ఉంటారు. కౌలుకి దున్నేవాళ్ళనీ, ఉమ్మడి బీట్లో పశువులు మేపుకునేవాళ్ళనీ ఎవరైనా అడిగారా?

పైగా గొడవంతా ఎకరా రేటు గురించే అనుకుంటారు మీవాళ్ళు. చాలాచోట్ల గొడవ నీళ్ళది. పెరూలో యానకోచా గని నుంచి వెళ్తున్న లారీలోంచి 2000లో 151 కిలోల పాదరసం చోరోపాంపా దగ్గర రోడ్డు మీద ఒలికిపోయింది. మెరుస్తోంది కదా అని జనం చేతులతో ఏరుకుని ఇళ్ళకు పట్టుకెళ్ళారు. తర్వాత ఆ గని వాళ్ళే అదే ప్రాంతంలో కొంగా ప్రాజెక్టు తలపెట్టారు. కొండ మీది సరస్సులు తీసేస్తాం, బదులుగా రిజర్వాయర్లు కడతాం, నీళ్ళు ఇంకా ఎక్కువొస్తాయి అన్నారు. లెక్క నిజమే అయ్యుండొచ్చు. నమ్మేదెవరు? 480 కోట్ల డాలర్ల ప్రాజెక్టు, 2011లో జనం రోడ్డెక్కాక పనులు ఆగిపోయాయి.

బోరుబండి:
పాదరసం సంగతికి నా దగ్గర జవాబు లేదు. కానీ యానకోచాని నడిపే న్యూమాంట్ కంపెనీయే ఘనాలోని అహాఫో గని దగ్గర ఇంకోలా చేసింది. 2008లో ఒప్పందం రాసుకున్నారు. అమ్మిన ఔన్సుకి ఒక డాలరు, దాంతోపాటు లాభంలో 1 శాతం ఊళ్ళ ఫౌండేషన్‌కి ఇవ్వాలని. ఇలా ముందే కాగితం మీద పెట్టుకుంటే సరిపోదా?

బీడుభూమి:
ఔన్సంటే 31 గ్రాములు. పై నుంచి తవ్వే గనుల్లో చాలావాటిలో టన్ను రాయికి ఒకటి రెండు గ్రాముల బంగారమే ఉంటుంది. అంటే ఔన్సుకి పదిహేను నుంచి ముప్ఫై టన్నులు, అదీ బంగారం తీయడానికి సైనైడ్ నీళ్ళతో కడిగిన రాయి, ఊరి పక్కనే మిగులుతుంది. డాలరు ఎక్కువో తక్కువో మీరే చెప్పండి.

నేలగంట:
డబ్బు సరే, అడగడం ఎప్పుడు? లైసెన్సు చేతిలో పెట్టుకుని వచ్చి అడిగితే అది అడగడం ఎలా అవుతుంది, చెప్పిపోవడం కదా.

బోరుబండి:
మొదటి బోరు వెయ్యకముందు కింద ఏముందో మాకే తెలీదు. ఏం చెప్పి అడగమంటారు?

చెరువుగట్టు:
తెలీదనే చెప్పండి. బోర్లకి ఒక ఒప్పందం, గని తవ్వాలంటే మళ్ళీ కొత్తగా ఇంకోటి. మొదటి సంతకం చూపించి రెండో పని మొదలుపెట్టకూడదు.

బోరుబండి:
రెండోసారి వద్దంటే? బోర్ల మీద పోసిన డబ్బు ఎవరిస్తారు?

చెరువుగట్టు:
మీ బోర్లలో చాలావాటికి ఏమీ తగలదు కదా. అప్పుడు ఎవరిని అడుగుతున్నారు?