"ఈ లోక మర్యాద" అన్నప్పుడు మర్యాద అంటే ఏమిటి?

ప్రశ్న

అమెరికాలోని ఆమిష్ అనే క్రైస్తవ శాఖ ప్రజల జీవనం మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. లోకానికి ఎడంగా ఉండాలన్న తమ నిశ్చయానికి వారు తరచుగా చూపే ఆధారాల్లో ఒకటి రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయంలోని 2వ వచనం. మనకు వాడుకలో ఉన్న పాత తెలుగు బైబిలులో అది "మీరు ఈ లోక మర్యాదను అనుసరింపక" అని మొదలవుతుంది. చిత్తుప్రతి చదివిన మా తమ్ముడు "మర్యాద పాటించవద్దని పవిత్రగ్రంథం చెబుతుందా?" అని అడిగాడు. అక్కడ "మర్యాద"కు బదులు "పోకడ" అని రాయవచ్చునా? వారు తమ నియమాలను "ఓర్డ్‌నుంగ్" అనే జర్మన్ మాటతో పిలుచుకుంటారు. దానికి సరైన తెలుగు మాట ఏది? పెద్దలు చెప్పగలరు.

జవాబు

మీ తమ్ముడికి వచ్చిన సందేహం సహజమైనదే. నేటి వాడుకలో మర్యాద అంటే మన్నన. వియ్యాలవారికి చేసేదీ, కొత్త అల్లుడు ఎదురుచూసేదీ అదే. అయితే సంస్కృతంలో ఈ మాటకు మొదటి అర్థం ఎల్ల, పొలిమేర, సముద్రానికైతే చెలియలికట్ట. "మర్యాదగా వెళ్ళిపో" అని గద్దించేటప్పుడు మన్నన ఏమీ ఉండదు గాని, హద్దు దాటవద్దన్న ఆ పాత అర్థపు ఛాయ మాత్రం నాకు వినిపిస్తూనే ఉంటుంది. ఎల్ల అన్న అర్థం నుంచి ఎల్లకు లోబడిన నడవడి, దాని నుంచి ఆచారం, ఆచారం నుంచి మన్నన అనే అర్థాలు వచ్చాయి. పాత అనువాదకులు ఈ వరుసలో నడుమనున్న అర్థాన్ని తీసుకున్నారు కనుక, లోక మర్యాద అంటే ఇక్కడ లోకులు నడిచే తీరు. మూలంలోని గ్రీకు క్రియ "స్ఖేమా" అనే మాట నుంచి వచ్చింది; రూపు, ఆకృతి అని దాని అర్థం. ఈ యుగం పోత పోసిన అచ్చులో మీరు ఒదగవద్దు అన్నది భావం. ఆమిష్ వారు ఆరాధనలో చదివే లూథర్ జర్మన్ బైబిలు కూడా ఈ లోకంతో సరిసమానంగా మసలుకోవద్దనే అంటుంది.

"పోకడ" తప్పు కాదు, కాని తేలిక మాట. ఏటేటా మారే వేషభాషలకు అది చాలుతుంది. ఒక ప్రజ మూడు వందల ఏళ్ళుగా దేనికి ఎడంగా ఉంటున్నదో చెప్పడానికి చాలదు. మీరు "లోక మర్యాద" అనే ఉంచి, పక్కనే ఒక్క వాక్యంలో వివరించడం మేలు. అలా ఉంచితే మరొక లాభం కూడా ఉంది.

వ్యాకరణం చదివినవారికి పాణిని "ఆఙ్ మర్యాదాభివిధ్యోః" అన్న సూత్రం గుర్తుంటుంది. "వరకు" అనే అర్థంలో మాట ముందు చేరే "ఆ" గురించి అది చెబుతుంది. హద్దుగా చెప్పిన దానిని మినహాయించి అంతవరకే అంటే మర్యాద. దానిని కూడా కలుపుకొంటే అభివిధి. "ఆబాలగోపాలం" అన్నప్పుడు ఉన్నది అభివిధి. ఆమిష్ వారి నియమాలను నేను ఈ సూత్రంతోనే అర్థం చేసుకుంటాను. వారు యంత్రాలను అసహ్యించుకొని పారిపోయినవారని మన పత్రికలు రాస్తాయి గాని, నిజానికి వారు చేసేది ప్రతి వస్తువు దగ్గరా ఎంతవరకు అని తేల్చుకోవడం. అవసరమైతే బయటివారు నడిపే కారులో కూర్చుంటారు, కాని కారును సొంతం చేసుకోరు. పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ ప్రాంతంలో 20వ శతాబ్దపు తొలి దశకాల్లోనే ఇంట్లో టెలిఫోన్ వద్దనుకున్నారు. అయితే పొలం గట్టున చిన్న గదిలో ఇరుగుపొరుగు కలిసి వాడుకునే ఫోను ఉండవచ్చు. విద్యుత్తు తీగను ఊరి స్తంభం నుంచి ఇంట్లోకి రానివ్వరు, బ్యాటరీని మాత్రం చాలా చోట్ల ఒప్పుకుంటారు. కొన్ని వడ్రంగి కొట్టాల్లో యంత్రాలు గాలి ఒత్తిడితో తిరుగుతాయి. ఆ వస్తువు ఇంటిని, ఇరుగుపొరుగును, కలిసి తినే భోజనాన్ని ఏం చేస్తుందన్నదే ప్రతిసారీ వారి విచారణ. అంటే లోక మర్యాదను కాదన్నవారు తమదైన మర్యాదను, పాత అర్థంలో, గీసుకున్నారన్నమాట.

ఇక ఓర్డ్‌నుంగ్. "నియమావళి" అంటే అచ్చువేసిన పుస్తకం కళ్ళ ముందుకు వస్తుంది. ఇది చాలావరకు నోటిమాటగా, అలవాటుగా నిలిచేది. "కట్టడ" అనే మాట తెలుగు బైబిలులో దేవుని విధులకు స్థిరపడిపోయింది; ఓర్డ్‌నుంగ్ అయితే సంఘం మార్చుకోగలిగినది. సుమారు 20 నుంచి 40 కుటుంబాలు ఒక సంఘంగా ఏర్పడి ఇళ్ళలోనే ఆరాధన జరుపుకుంటాయి. ఏడాదికి రెండుమార్లు, ప్రభురాత్రి భోజన సంస్కారానికి ముందు, సభ్యులందరూ తమ నియమాలకు సమ్మతి తెలుపుతారు. ఒక సంఘంలో చెల్లినది పక్క సంఘంలో చెల్లకపోవచ్చు. ఇంత దగ్గరితనమూ, ఇంత పట్టూ ఉన్న తెలుగు మాట నాకు తెలిసి "కట్టుబాటు" ఒక్కటే.

మరొక సభ్యుని అభ్యంతరం

మర్యాద గురించిన వివరణ బాగుంది. కట్టుబాటు దగ్గరే నాకు ఇబ్బంది ఉంది. మన పల్లెల్లో ఆ మాట వెనుకే వెలి వస్తుంది. వెలివాడ అన్న మాట ఎవరిని ఎక్కడ ఉంచిందో మనకు తెలియనిది కాదు. ఆమిష్ వారిలోనూ నియమం తప్పినవారిని దూరం పెట్టే "మైడుంగ్" ఉన్నది కదా. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెడితే తెలుగు పాఠకుడు మన కుల కట్టుబాట్లనే అక్కడ చూస్తాడు.

జవాబు

మీ అభ్యంతరం సబబైనది. "వెలి"ని వివరణ లేకుండా వాడకూడదని నేనూ ఒప్పుకుంటున్నాను. మన చరిత్రలో వెలి అన్నది చాలామందికి పుట్టుకతోనే వచ్చిపడింది. మైడుంగ్ పుట్టుక వల్ల రాదు. 1525లో జ్యూరిచ్‌లో కొందరు పెద్దవయసులో మళ్ళీ బాప్తిస్మం తీసుకోవడంతో మొదలైన ఉద్యమానికి ఆమిష్ వారు వారసులు. తెలిసి, ఒప్పుకొని తీసుకున్నదే బాప్తిస్మమని వారి విశ్వాసం. అందువల్ల బాప్తిస్మానికి ముందే ఆ జీవనం వద్దనుకున్న యువకుడికి సాధారణంగా మైడుంగ్ వర్తించదు. మోకరించి మాట ఇచ్చి, తరువాత ఆ మాట తప్పినవారికే అది. పశ్చాత్తాపపడి సంఘం ముందు ఒప్పుకుంటే తిరిగి చేర్చుకుంటారు.

అలాగని దానిని మెత్తగా చూపించడమూ న్యాయం కాదు. తల్లి వేసిన బల్ల దగ్గర కొడుకు వేరుగా కూర్చుని తినవలసి రావడం, అతని చేతి నుంచి నేరుగా వస్తువు అందుకోకపోవడం, ఇవి కఠినమైన సంఘాల్లో జరిగేవే. దీనిని ఎంత కఠినంగా పాటించాలన్న వాదం మీదనే 1693లో యాకోబ్ అమ్మన్ ఆ ఉద్యమంలోని తక్కిన స్విస్ సోదరుల నుంచి విడిపోయాడు. ఆమిష్ అన్న పేరు అతని నుంచే వచ్చింది. కనుక ఆ మాటకు మెరుగులు దిద్దవద్దు. "మాట తప్పిన సభ్యునితో పొత్తు మానడం" అని విడమర్చి రాసి, తరువాత "పొత్తు మానడం" అని పొట్టిగా వాడుకోవచ్చు. కలిసి తినడమన్న అర్థం పొత్తులోనే ఉంది గనుక అది ఇక్కడ చక్కగా అమరుతుంది.

ఒక సభ్యురాలి మాట

మాది మహబూబ్‌నగర్ వైపు మెన్నొనైట్ బ్రెదరన్ సంఘం. మెన్నొనైట్లూ ఆమిష్ వారూ ఒకే మొదలు నుంచి చీలిన కొమ్మలని చాలామందికి తెలియదు గనుక చెబుతున్నాను. ఇదే వచనం మీద మా ఊళ్ళో ప్రసంగం జరిగితే మద్యం, జూదం, అప్పులు చేసి ఆర్భాటంగా జరిపే పెళ్ళిళ్ళు ప్రస్తావనకు వస్తాయి. ఫోనూ బండీ రావు. మా పెద్దమ్మ "లోక మర్యాద"ను ఏనాడూ మన్నన అని అర్థం చేసుకోలేదు. వచనంలో తరువాత వచ్చే "రూపాంతరము పొందుడి" అన్న మాటను కూడా వ్యాసంలో చేర్చండి. కొండమీద యేసు మారిన రూపాన్ని వర్ణించేటప్పుడు వాడినది కూడా ఆ మాటే. అది లేకుండా మొదటి సగం ఒక్కటే చూపితే అంతా నిషేధంలాగే కనబడుతుంది.

ప్రశ్న అడిగిన సభ్యుడు

అందరికీ కృతజ్ఞతలు. "లోక మర్యాద"ను ఉంచుతాను, మిగిలిన సగం కూడా చేరుస్తాను. చివరిగా ఒక్కటి: వారు తమవారు కాని వారందరినీ "ఇంగ్లీషువారు" అంటారట. "ఆంగ్లేయులు" అని రాశాను.

జవాబు

దయచేసి మార్చండి. ఇళ్ళలో పెన్సిల్వేనియా డచ్ అనే జర్మన్ మాండలికం మాట్లాడే వారికి, ఇంగ్లీషులో బతికే బయటి ప్రపంచమంతా ఇంగ్లీషే. జాతితో దానికి పని లేదు. ఆ లెక్కన అక్కడ స్థిరపడిన మన గుంటూరు, కరీంనగర్ వారు కూడా ఇంగ్లీషువారే అవుతారు. "బయటివారు" అని రాసి, వారు వాడే మాటను ఒక్కసారి ప్రస్తావిస్తే సరిపోతుంది.