అప్‌డేట్: ఎన్94.1 కోడ్‌తో రిజెక్ట్ అయిన క్లెయిమ్ పాసైంది

కలయిక సమయంలో నొప్పి అని వచ్చిన పేషెంట్‌కి ఎన్94.1 అనే జబ్బు కోడ్ వేస్తే ఇన్సూరెన్స్ క్లెయిమ్ తిరిగొచ్చిందని పోయిన నెల అడిగాను కదా, అది తేలిపోయింది. సాయం చేసిన అందరికీ చాలా థ్యాంక్స్.

కోడ్‌లో ఐదో అక్షరం చూడమన్నవాళ్లదే కరెక్ట్. అమెరికాలో వాడే జబ్బుల కోడ్‌ల జాబితా ఐసీడీ-10-సీఎంలో 2016 అక్టోబర్ 1 నుంచి ఎన్94.1 ఒక్కటే వేస్తే చెల్లదు. నొప్పి ప్రవేశం దగ్గరే అయితే ఎన్94.11, లోపల లోతుగా అయితే ఎన్94.12, వేరే రకమని రాస్తే ఎన్94.19, ఏదీ రాయకపోతే ఎన్94.10. నా దగ్గరున్న పాత చీట్‌షీట్‌లో ఇవేవీ లేవు.

డాక్టర్ నోట్‌లో "కలయికలో నొప్పి" అని ఒక్క ముక్కే ఉంది. ఎన్94.10 వేసి పంపేయొచ్చు, కానీ మనసొప్పక డాక్టర్‌కి క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పెట్టాను. జవాబు నేను సూచించకుండా, నొప్పి ఎక్కడ అని మాత్రమే అడిగాను. ప్రవేశం దగ్గరే అని నోట్‌కి అడెండమ్ (అదనపు వివరణ) రాశారు. ఎన్94.11తో క్లెయిమ్ పాసైంది.

మాడిఫయర్‌కీ (చేసిన సేవ కోడ్‌కి చివర తగిలించే గుర్తు) దీనికీ సంబంధం లేదు. మానసిక కారణంతో వచ్చే ఇదే నొప్పికి వాడే ఎఫ్52.6 కోడ్ కూడా వేయమన్నారు ఒకరు. అది మానసిక కారణమని డాక్టర్ రాస్తేనే వేయాలి, పైగా ఎక్స్‌క్లూడ్స్1 (ఈ రెండు కోడ్‌లూ ఒకేసారి వేయకూడదనే సూచన) ఉంది కాబట్టి రెండూ కలిపి వేయకూడదు. డాక్టర్ అనని మాట పేషెంట్ రికార్డులోకి ఎక్కించడం అన్యాయం, దయచేసి అలా చేయకండి.