టిఫా స్కాన్‌లో ఎడమవైపు అదనపు సిర, భయపడాలా?

నాకు 21వ వారం. నిన్న టిఫాలో (బేబీ అవయవాలన్నీ చూసే స్కాన్) బేబీ గుండె పైన మూడు రక్తనాళాలు కనిపించాల్సిన చోట నాలుగున్నాయట, రిపోర్టులో పర్సిస్టెంట్ లెఫ్ట్ ఎస్‌వీసీ (ఒంటి పైభాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర ఎడమవైపు కూడా ఉండిపోవడం) అని రాసి ఫీటల్ ఎకో (కడుపులో బేబీ గుండెకు చేసే స్కాన్) చేయించుకోమన్నారు, అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒకటే టెన్షన్. ఎవరికైనా ఇలా వచ్చిందా?

జవాబు: మా పాపకీ ఇదేనండీ. ఎకోలో మిగతా గుండె బాగుందన్నారు. ఇప్పుడు రెండేళ్లు, ఇల్లు పీకి పందిరేస్తోంది.

జవాబు: పిండంలో మొదట ఈ సిర రెండువైపులా ఉంటుంది, ఎడమది తర్వాత మూసుకుపోవాలి, వెయ్యిమందిలో 3 నుంచి 5 మందికి అలాగే ఉండిపోతుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు. ఆ రక్తం సాధారణంగా కరొనరీ సైనస్ (గుండె వెనకవైపు ఉండే సిర) గుండా కుడి కర్ణికలోకే చేరుతుంది కాబట్టి ఇదొక్కటే అయితే ఇబ్బంది ఉండదు. ఎకోలో చూసేది పక్కన ఇంకేమైనా ఉందా అని: గుండెలో రంధ్రం, ముఖ్యంగా బృహద్ధమని సన్నబడటం. ఈ రెండోది కడుపులో ఉండగా ఒక్కోసారి దొరకదు, అందుకే పుట్టాక మళ్లీ చూస్తారు. వేరే లోపాలు కనిపిస్తే ఆమ్నియో (ఉమ్మనీరు తీసి జన్యు లోపాలు చూసే పరీక్ష) మాట ఎత్తుతారు.

జవాబు: రిపోర్టు మాత్రం పారేయకండి. పెద్దయ్యాక ఎప్పుడైనా పేస్‌మేకర్ (గుండె లయ సరిచేసే పరికరం) పెట్టాల్సి వస్తే, దాని తీగ సిరల గుండానే వెళ్తుంది కాబట్టి డాక్టర్లకు ఇది తెలియాలి.