పెరటాసి నుంచి కనుమ దాకా స్మోకర్‌కి తుప్పు పట్టకుండా ఎట్లా?

అన్నలకు నమస్కారం. మాది తిరుపతి, మంగళం వైపు. 200 లీటర్ల డ్రమ్ము కోయించి వెల్డింగ్ షాపులో స్మోకర్, అంటే మాంసాన్ని పొగలో వండుకునే పొయ్యి, చేయించుకున్నాను, పక్కన కట్టెలు మండించే ఫైర్‌బాక్స్, పైన పొగగొట్టం. ఎండాకాలమంతా మామిడి కట్టెతో బాగా వాడాం. ఇప్పుడు పెరటాసి, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల, ఇంట్లో నీసు ముట్టరు, ఆ వెనకే కార్తీకం, మళ్లీ వెలిగించేది కనుమకే. పోయినేడు టార్పాలిన్ కప్పి తాళ్లతో గట్టిగా బిగించినా, తీసి చూస్తే లోపలంతా ఎర్రగా తుప్పు, గ్రిల్లు మీద తెల్లగా బూజు. మేడ మీద తప్ప వేరే చోటు లేదు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, పైన పడే వాన కంటే లోపల వదిలేసిన బూడిదే రేకును ఎక్కువ తినేస్తుంది. కట్టె బూడిదలో క్షారం, లవణాలు ఉంటాయి, అవి గాలిలో తేమను లాక్కుని రేకుకు తడిగుడ్డలా అంటుకుని ఉంటాయి. 2021 నవంబరు వానలప్పుడు, వచ్చే వారం మళ్లీ వెలిగిస్తాం కదా అని నేను బూడిద తీయలేదు. తర్వాత గరిటెతో గీకితే తడి సున్నంలా ముద్దగా వచ్చింది, దాని కింద రేకు పొరలు పొరలుగా లేచిపోయి స్క్రూడ్రైవర్ ఆనిస్తే చాలు దిగబడింది. వాన నేరుగా పడిన మూతకు మాత్రం ఏమీ కాలేదు, ఇప్పటికీ అదే వాడుతున్నాను.

అందుకని ముందు బూడిదంతా, మూలల్లోది కూడా, తీసెయ్. అడుగున గడ్డకట్టిన కొవ్వును పెయింటర్లు లప్పం పెట్టే రేకుతో గీకు, నీళ్లతో కడగొద్దు. తుప్పు ఉన్నచోట వైర్ బ్రష్ కొట్టి, ఒక అరగంట బాగా మంట పెట్టు, తేమా బూజూ రెండూ పోతాయి. కాస్త చల్లారాక వేరుశనగ నూనె గుడ్డతో పల్చగా, తుడిచేసినట్టే పట్టించి, మళ్లీ గంటసేపు వేడి చెయ్, చేతికి జిడ్డు అంటకూడదు. నూనె మందంగా పెడితే బంకలాగా మిగిలి చీమలు, బొద్దింకలు చేరతాయి. ఇంజన్ ఆయిల్, గ్రీజు మాత్రం లోపల వద్దు, తినేది అందులోనే వండుతాం.

ఇక టార్పాలిన్ సంగతి. నేలదాకా దించి బిగించావు చూడు, అక్కడే వచ్చింది చిక్కు. పగలు వేడికి లేచిన ఆవిరి బయటికి పోలేక రాత్రి చల్లబడి లోపలే నీటిచుక్కలవుతుంది. కింద జానెడు వదిలి కప్పు, గాలి రంధ్రాలు సగం తెరిచి ఉంచు, పొగగొట్టం మీద ఖాళీ డబ్బా బోర్లించు. కాళ్ల కింద ఇటుకలు పెట్టు, మేడ మీద నీళ్లు నిలుస్తాయి కాబట్టి. వానల మధ్య ఎండ కాసిన రోజు టార్పాలిన్ తీసేసి ఆరనివ్వు, నవంబరులో అట్లాంటి రోజు దొరికితే వదలొద్దు.

ఇంకో జవాబు: గ్రిల్లులు అక్కడే వదలకండి, ఇంట్లోకి తెచ్చుకోండి. నానబెట్టిన చింతపండుతో రుద్దితే పైపై తుప్పు పోతుంది, కాకపోతే కడిగిన వెంటనే పొయ్యి మీద ఆరబెట్టి నూనె రాయాలి, లేకుంటే కాసేపటికే మళ్లీ ఎర్రబడతాయి. ఆ తర్వాత పేపరులో చుట్టి పెట్టేయండి.

ప్రశ్న అడిగిన తమ్ముడు: ఈ రోజు తీశానన్నా, చేటెడు బూడిద వచ్చింది. ఫైర్‌బాక్స్ అడుగున బోల్టు చుట్టూ రూపాయి బిళ్లంత మేర రేకు మెత్తబడింది, బయట రంగు కూడా పెచ్చులు లేస్తోంది. మామూలు ఎనామెల్ వేయొచ్చా? వెల్డింగ్ అతను జింకు పూత రేకు ముక్క అతికిస్తానంటున్నాడు.

జవాబు: జింకు రేకు వద్దే వద్దు తమ్ముడూ, మంట తగిలితే దాని పొగ ఒంటికి మంచిది కాదు, మామూలు ఇనుప రేకే వేయమను. ఎనామెల్ మొదటి మంటకే కాలిపోతుంది. 600 డిగ్రీల వేడికి ఆగే రంగు తెచ్చుకో, ఆ సంగతి డబ్బా మీద రాసి ఉంటుంది చూడు, అది కూడా బయటివైపే, లోపల నూనె తప్ప ఇంకేమీ వద్దు. అతుకు పని ముందు, రంగు తర్వాత. అక్టోబరు వానలు పట్టుకోకముందే చేయించెయ్.