తలసేమియా పాపకు మూలకణ మార్పిడి తర్వాత దాత కణాలు తగ్గుతున్నాయి: ఎంతవరకు భయపడాలి?

కావలి మేనమామ:
మా చెల్లెలి కూతురికి ఏడేళ్లు. తలసేమియా మేజర్ (ఒంట్లో సరైన హిమోగ్లోబిన్ తయారుకాని పుట్టుక జబ్బు, తీవ్ర రూపం) కావడంతో పసితనం నుంచీ నెలనెలా నెల్లూరు తీసుకువెళ్లి రక్తం ఎక్కించేవాళ్లం. పాప అన్నతో హెచ్‌ఎల్‌ఏ (కణజాల గుర్తులు) పూర్తిగా సరిపోయిందని తేలాక, ఈ ఏడాది చెన్నైలో అతని మూలకణాలతో (రక్తకణాలను పుట్టించే కణాలు) మార్పిడి చేయించాము. కైమెరిజం పరీక్షలో (రక్తంలో దాత కణాలెన్ని, సొంతవెన్ని అని చూసేది) దాత కణాలు ముప్పయ్యో రోజున 98 శాతం, అరవయ్యో రోజున 91, తొంభయ్యో రోజున 84 అని వచ్చాయి. హిమోగ్లోబిన్ 10.8 ఉంది, ఈమధ్య రక్తం ఎక్కించే అవసరం రాలేదు, పిల్ల హుషారుగా ఆడుకుంటోంది. అయితే రక్త క్యాన్సర్‌కు ఇదే చికిత్స చేయించుకున్న బంధువొకరు, దాత కణాలు తగ్గాయంటే జబ్బు తిరగబెట్టినట్టేనని చెప్పినప్పటి నుంచి మా చెల్లెలికి కంటి మీద కునుకు లేదు. డాక్టరు గారు మందు మోతాదు మార్చి, నెలలోపు మళ్లీ పరీక్ష చేద్దామన్నారు. ఈ అంకెలను ఎలా అర్థం చేసుకోవాలి? రక్తం నెల్లూరులోనే ఇచ్చి పంపవచ్చా?

నెల్లూరు, ల్యాబ్ ఉద్యోగి:
అన్నగారూ, ముందు ఆ శాతం ఎలా వస్తుందో చెబుతాను. మన డీఎన్‌ఏలో కొన్నిచోట్ల చిన్న చిన్న ముక్కలు పదేపదే వస్తుంటాయి. ఎన్నిసార్లు వస్తాయన్నది మనిషి మనిషికీ మారుతుంది. అన్నాచెల్లెళ్లకు తల్లిదండ్రులు ఒకరే కాబట్టి చాలాచోట్ల ఇద్దరికీ ఒకే పొడవు ఉంటుంది, అందువల్ల తేడా ఉన్న చోట్లను ఏరుకొని వాటితోనే లెక్క కడతారు. మార్పిడికి ముందే ఇద్దరి నమూనాలూ తీసుకునేది ఇందుకే. మార్పిడి తర్వాత పాప రక్తంలోనే కాదు, బుగ్గ లోపలి నుంచి తీసిన నమూనాలోనూ దాత తెల్లకణాలు కలిసిపోతాయి.

ఈ పద్ధతిలో రెండు మూడు శాతం అటూఇటూ కావడం మామూలే. కానీ మూడు రిపోర్టులూ ఒకే దిశలో దిగుతున్నాయి కనుక దీన్ని పరీక్షలోని తేడాగా కొట్టిపారేయలేము. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయిస్తేనే పోలిక సరిగ్గా ఉంటుంది.

నమూనా ఊదా రంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో తీయాలి. హెపారిన్ ట్యూబులో తీస్తే అది పీసీఆర్‌కు (డీఎన్‌ఏ ముక్కలకు ప్రతులు తీసి పెంచే పద్ధతి) అడ్డుపడుతుంది. మొత్తం రక్తం మీద చేసే పరీక్షకైతే ఇక్కడి నుంచి పంపవచ్చు, కాకపోతే రోహిణి కార్తె ఎండలో బస్సు డిక్కీలో పెట్టి పంపకండి. టి కణాలను (రోగనిరోధక తెల్లకణాల్లో ఒక రకం) వేరుచేసి చూడాలంటే మాత్రం రక్తం తాజాగా ఉండాలి కాబట్టి, పినాకిని రైల్లో వెళ్లి చెన్నైలోనే ఇవ్వడం మేలు.

ఒంగోలు గృహిణి:
మా వారికి అక్యూట్ మైలాయిడ్ లుకేమియాకు (ఒక రకం రక్త క్యాన్సర్) మార్పిడి జరిగింది. మీ బంధువు చెప్పింది ఆయన జబ్బు వరకు సరైన భయమే. లుకేమియాలో మిగిలిన సొంత కణాల్లో క్యాన్సర్ కణం దాగి ఉండవచ్చు, దాన్ని వెతికి చంపవలసినవి దాత రోగనిరోధక కణాలే. మా వారికి శాతం తగ్గినప్పుడు డాక్టర్లు రోగనిరోధకశక్తిని అణచే మందును తగ్గించి, తర్వాత దాత లింఫోసైట్లను (రోగనిరోధక తెల్లకణాలు) ఎక్కించారు. దాంతో ఒంటి మీద దద్దుర్లు, విరేచనాలు వచ్చి చాలా బాధపడ్డారు. తలసేమియాలో అలా వేటాడవలసిన కణం లేదు కదా, అందుకే మా అనుభవాన్ని పాపకు అన్వయించుకోవద్దని మీ చెల్లెలికి చెప్పండి.

పిల్లల రక్తవ్యాధుల వైద్యుడు, స్వస్థలం కందుకూరు:
ఆవిడ చెప్పిన తేడాయే ఇక్కడ ముఖ్యం. ఇటలీలోని పెసారో వైద్యులు తలసేమియా పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. రెండో నెలలో సొంత కణాలు 25 శాతం దాటిన పిల్లల్లో దాదాపు అందరికీ మార్పిడి నిలవలేదు. 10 శాతం లోపు ఉన్నవారిలో అత్యధికులకు నిలిచింది. మీ పాపకు అప్పుడు సొంత కణాలు 9 శాతమే. కొందరిలో దాత కణాలు 20–30 శాతం దగ్గర స్థిరపడినా, ఏళ్లు గడిచినా రక్తం ఎక్కించే పని పడలేదు. తలసేమియా మజ్జలో పుట్టే ఎర్రకణాలు చాలావరకు బయటికి రాకముందే నశిస్తాయి. దాత కణాల నుంచి పుట్టినవి మాత్రం నిలబడతాయి కాబట్టి, తెల్లకణాల్లో దాత వాటా తక్కువగా ఉన్నా రక్తంలో తిరిగే ఎర్రకణాల్లో ఎక్కువ భాగం దాతవే అవుతాయి.

అలాగని నిశ్చింతగా ఉండమనడం లేదు. 84 దగ్గర ఆగుతుందా, ఇంకా దిగుతుందా అన్నదే ప్రశ్న, దానికి తర్వాతి రిపోర్టే సమాధానం. సైక్లోస్పోరిన్‌ను (రోగనిరోధకశక్తిని అణచే మందు) ఎటు మార్చాలో మీ వైద్యులే తేల్చాలి. చెప్పిన మోతాదులో ఒక్క పూట కూడా తప్పవద్దు. మరొక్క మాట: అన్న తలసేమియా మైనరా (లోపమున్న జన్యువు ఒక్కటే ఉండి, జబ్బు తీవ్రంగా లేని స్థితి)?

కావలి మేనమామ:
అవునండీ, అన్న మైనరే, అతని హిమోగ్లోబిన్ కూడా పదకొండు దగ్గరే ఉంటుంది. మా రిపోర్టులు మూడూ మొత్తం రక్తం మీద చేసినవే.

పిల్లల రక్తవ్యాధుల వైద్యుడు:
అయితే పాప 10.8 లోటు కాదు, దాత స్థాయే. ఈసారి టి కణాలను, మైలాయిడ్ కణాలను (మరో రకం తెల్లకణాలు) వేరువేరుగా చూడమని మీ డాక్టరును అడగండి. టి కణాల్లో పాప సొంతవి పెరుగుతుంటే మార్పిడిని తిరస్కరించే ప్రమాదం ఎక్కువ. ఈలోగా హిమోగ్లోబిన్ గానీ తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు గానీ తగ్గినా, జ్వరం వచ్చినా పరీక్ష తేదీ కోసం ఆగకుండా వెంటనే చెన్నైకి ఫోన్ చేయండి.