ఇక్ భాషలో కుక్క: 'ఙోక్' అని రాసుకుంటే ఏమైంది?

విసంధి: ఉగాండా ఈశాన్య కొండల్లో, కాబోంగ్ వైపు మాట్లాడే ఇక్ భాష సూత్రం ఒకటి సగమే గుర్తుంది. "నేను చూస్తే కుక్కకు ప్రథమ, వాడు చూస్తే ద్వితీయ." మరి 'నువ్వు'? పాత చీటీలో ఒట్టి 'ఙోక్' అని ఉంది. ఏ విభక్తో?

అజంతప్రియ: చివరి ఆ పొల్లు 'క్'తోనే చెడింది. ప్రాతిపదిక ఙోకి. ప్రథమలో ఇకారం పోయి అకారం చేరుతుంది: ఙోక. ద్వితీయ, మాట ఆగేచోట, ఙోకిక. పొల్లక్షరం లేనే లేదు, చివరి అచ్చు గుసగుసగా మిగులుతుంది.

ద్రుతం: మన ఉకారం లాంటిదే కదండీ. పోతన గారి 'జగమెవ్వని'లో జగము చివరి ఉకారం ఎటు పోయింది?

అజంతప్రియ: తిరగేశారు. మనకు వెనక అచ్చు వస్తే పోతుంది. వాళ్లకు వెనక ఏమీ రాకపోతే గుసగుస అవుతుంది.

ద్రుతం: ఒప్పుకోను. రెండుచోట్లా పోయేది చివరి అచ్చే. పోతనకు ఆ చెవి ఉండబట్టే పద్యం అలా పారుతుంది.

పొల్లు: పోతనను కాస్త వదలండి. ఇక్‌లో క్రియ ముందు, తర్వాత కర్త, ఆపైన కర్మ. అంటే కర్మ పోయి పోయి వాక్యం కొసనే పడుతుంది, సరిగ్గా అచ్చు వినపడనిచోట. పదాన్ని విడిగా పలికించినా అదే గతి. వెనక ఇంకో మాట పెట్టి పలికించి రాసుకోవాలి. రోమన్‌లో ఆ అచ్చును పైన చిన్నక్షరంగా వేస్తారు.

ద్రుతం: మనకు అరసున్న ఉన్నట్టు అర అచ్చు కూడా ఉండాల్సింది! ఏదైతేనేం, 'ఙ'కు బొమ్మ దొరకని అక్షరమాలకు ఇన్నాళ్లకు కుక్క దొరికింది.

విసంధి: నా 'నువ్వు' సంగతి?

పొల్లు: కర్త నేనైనా నువ్వైనా కర్మకు ప్రథమే. కర్త వాడు, ఆమె లాంటి ప్రథమ పురుషైతేనే కర్మకు ద్వితీయ.

అజంతప్రియ: మనం 'పుస్తకం చదివాడు' అంటాం, 'కుక్కను చూశాడు' అంటాం. అక్కడ మనం చూసేది కర్మను, ప్రాణమున్నదా లేనిదా అని; వాళ్లు చూసేది కర్తను. కానీ పొల్లు గారూ, ఆజ్ఞార్థకం మరిచారు. 'చూడు' అన్నప్పుడు కర్మకు ప్రత్యయమే ఉండదు, ఉత్త ప్రాతిపదిక: ఙోకి. ఆగేచోట ఇది కూడా చెవికి 'ఙోక్' లాగే ఉంటుంది.

పొల్లు: మరవలేదు, అడగలేదని చెప్పలేదు. విసంధి గారూ, చీటీలో క్రియ ఏమిటి?

విసంధి: 'నువ్వు, చూ' వరకే ఉంది. తర్వాత చిరిగింది.