చందమామ సీరియల్స్ కింద దాసరి సుబ్రహ్మణ్యం పేరు వేయకపోవడం సబబేనా?

పాతసంచిక:
నాన్న బైండు చేయించి దాచిన చందమామలు నిన్న దించాను. శిథిలాలయం సీరియల్ తెరిచా. శిఖిముఖి, విక్రమకేసరి, వాళ్ల బొమ్మ, బొమ్మ మూల దాన్ని వేసిన చిత్రాగారి సంతకం. రాసినాయన పేరు మాత్రం ఎక్కడా లేదు. దాసరి సుబ్రహ్మణ్యం గారు గుంటూరు జిల్లా పెదగాదెలవర్రులో పుట్టారు. 1952లో చందమామలో చేరి 2006 దాకా అక్కడే పనిచేశారు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి పన్నెండు సీరియల్స్ రాశారు. అవి కంఠతా వచ్చిన మా ఇంట్లోవాళ్లకే, 2010లో ఆయన పోయాకగానీ పేరు తెలియలేదు. ఇది అన్యాయం కాదా?

తెనాలి_రెండోవీధి:
కాదు. ఆయన సంపాదకవర్గంలో ఉద్యోగి, నెలజీతం తీసుకున్నారు. కొడవటిగంటి కుటుంబరావు (కొ.కు.) గారు 1952 నుంచి 1980లో పోయేదాకా పత్రికను నడిపారు. సంపాదకుడిగా ఆయన పేరు పడలేదు. కొ.కు.కి లేని బాధ దాసరి తరఫున మనకెందుకు?

పాతసంచిక:
కొ.కు. అంటే ‘చదువు’ నవల రాసినాయన అని లోకానికి తెలుసు. దాసరి గారి జీవితమంతా ఈ సీరియల్సే. పైగా బొమ్మలేసినాయన సంతకం ఉంది కదా?

తెనాలి_రెండోవీధి:
బొమ్మ మీద సంతకం చిత్రకారుల అలవాటు. దాన్ని ఇక్కడికి తేకండి.

సిద్ధసాధకుడు:
దాసరి గారి మాయాసరోవరం నాలుగోసారి చదువుతున్నా. అంతే చెప్పాలనిపించింది.

పాతసంచిక:
అలవాటు కాబట్టి ఒకరికి ఉంటుంది, ఇంకొకరికి ఉండదు. నేనడిగేదే అది!

పలకాబలపం:
నేను ఓ ప్రచురణకర్తకి పిల్లల కథల పుస్తకాలు ఆరు రాసిచ్చాను. అచ్చయ్యాక లోపలి పేజీలో ప్రూఫులు దిద్దినవాళ్ల పేరు కూడా ఉంది, నాది లేదు. మా పాపకి చూపించి ‘అమ్మ రాసింది’ అన్నాను. అది అట్ట, వెనకట్ట తిప్పి చూసి ‘నీ పేరేదీ?’ అంది. జీతం ఇచ్చారుగా అనేవాళ్లు ఆ మాటకి జవాబు చెప్పండి.

తెనాలి_రెండోవీధి:
మీకు డబ్బు ముట్టిందా లేదా? ముడితే మీ గొడవ వేరు, చందమామ వేరు.

పలకాబలపం:
ముట్టింది. పెద్దల నవల రాసినవాళ్లని కూడా ఇలాగే అడుగుతారా? పిల్లలకి రాసేవాళ్లంటే మీకు గుమాస్తాలు. ఆ మాట సూటిగా చెప్పండి.

పాతసంచిక:
ఇద్దరూ కాస్త నిదానించండి.

తెనాలి_రెండోవీధి:
గుమాస్తా అన్న మాట నేననలేదు. సరే, నా మనసులోది చెబుతాను. తొమ్మిదేళ్లప్పుడు టైఫాయిడ్‌తో నెలరోజులు మంచం మీదున్నాను. యక్షపర్వతం వచ్చే భాగం కోసం రోజులు లెక్కపెట్టుకున్నాను. అది ఎవరో మద్రాసులో కుర్చీలో కూర్చుని రాస్తున్నారని నాకు తోచనే లేదు. చందమామే చెబుతోందనుకున్నాను. మా అమ్మమ్మ కథ చెబితే ఎవరు రాశారని అడిగామా? పేరు వేసి ఉంటే నాకు అందులోని ఖడ్గవర్మ, జీవదత్తుడు అంత నిజంగా ఉండేవాళ్లు కారు. మీరు న్యాయం అంటున్నది, నాకు నా చిన్నతనాన్ని చెరిపేసినట్టుంది.

పాతసంచిక:
ఇప్పుడు అర్థమైంది. ఈ మాట ముందే అనాల్సింది. కానీ యక్షపర్వతం ఏ అమ్మమ్మా చెప్పలేదండీ. కొన్ని పేజీలు నింపి, సరిగ్గా ప్రాణం మీదికొచ్చిన చోట ఆపి, మళ్లీ నెలకి ఆ ముడి విప్పుతూ ఒక మనిషి కల్పించాడు. తోకచుక్క మొదలుపెట్టేటప్పటికి ఆయనకి నిండా ఇరవై రెండేళ్లు లేవు. తెలుగులో ఆయన రాసిందే మిగతా భాషల చందమామల్లోకీ వెళ్లింది. మీకంత నిజమనిపించింది పేరు లేక కాదు, ఆయన అలా రాశాడు కాబట్టి.

సిద్ధసాధకుడు:
బయటివాళ్లు పంపిన కథలకి చందమామ పేర్లు వేసేది కదా?

తెనాలి_రెండోవీధి:
వేసేది. దానికి నా దగ్గర జవాబు లేదు.

పలకాబలపం:
మా ఇంట్లో ఉన్న బైండులో ప్రతి భాగం మొదట్లో పెన్సిల్‌తో ఆయన పేరు రాస్తున్నాను. మీరూ రాయండి.

తెనాలి_రెండోవీధి:
మీవి మీ ఇష్టం. నా సంచికల మీద గీత పడనివ్వను.